తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలిచే డెస్క్‌టాప్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

చదువుకి, ఆఫీసు పనికి, అప్పుడప్పుడు ఫొటోలూ వీడియోలూ సరిచేసుకోవడానికి, కాస్త ఆటలకి పనికొచ్చే డెస్క్‌టాప్‌ని విడిభాగాలు కొని సొంతంగా బిగించుకోవాలనుకుంటున్నారు. ఖర్చు తక్కువలో తేలాలి, ఎనిమిదేళ్లకి తగ్గకుండా మన్నాలి అన్నారు. మీరు వేసుకున్న లెక్కలో సగానికి పైగా డబ్బు ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ పోయింది. ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకి సరిపడే వోల్టేజీలకి మార్చి ఇచ్చే డబ్బా), క్యాబినెట్ దగ్గరికి వచ్చేసరికి "మిగిలినదాంట్లో ఏదో ఒకటి" అని వదిలేశారు. మన్నిక కావాలంటే లెక్క అటు నుంచి మొదలవ్వాలి. సరైన వోల్టేజీ అంది, వేడి అదుపులో ఉంటే ప్రాసెసర్ పాడవడం చాలా అరుదు. ర్యామ్ కూడా అంతే. ముందుగా పోయేవి కరెంటు మోసేవి, తిరిగేవి, వేడిలో మగ్గేవి: ఎస్ఎంపీఎస్, ఫ్యాన్లు, హార్డ్‌డిస్కు, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం. ప్రాసెసర్ వేగం చాలకపోతే నాలుగేళ్ల తర్వాత అదొక్కటే మార్చుకోవచ్చు. నాసిరకం ఎస్ఎంపీఎస్ కాలిపోతూ బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోతే మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకే ముందు ఎస్ఎంపీఎస్. దాని పక్కన అతికించిన స్టిక్కరు చదవడం నేర్చుకోండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లని పక్కన పెట్టి, స్టిక్కరులో +12 వోల్టుల గడి చూడండి. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు అంతా 12 వోల్టుల నుంచే లాగుతాయి. మంచి 550 వాట్ల యూనిట్‌లో ఆ గడిలో 45 ఆంపియర్లు ఉంటాయి. 12ని 45తో గుణిస్తే 540 వాట్లు, అంటే చెప్పిన దాంట్లో దాదాపు అంతా అవసరమైన చోటే దొరుకుతోంది. అదే 550 అని రాసి ఆ గడిలో 30 ఆంపియర్లే ఉంటే మీకు నిజంగా పనికొచ్చేది 360 వాట్లు. మిగతాది 5, 3.3 వోల్టుల కింద కలిపి చూపించిన అంకె. దాన్ని వాడుకునే భాగాలు నేటి కంప్యూటర్లో పెద్దగా లేవు. ఆంపియర్ల పట్టికే లేని యూనిట్ ఎంత చవకైనా కొనకండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే గుర్తుల్ని చాలామంది నాణ్యతకి ముద్ర అనుకుంటారు. అవి చెప్పేది ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలి భాగాలకి చేరుతోంది, ఎంత వేడిగా పోతోంది అని. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర 90 శాతం చేరితే గోల్డ్. లోపల కెపాసిటర్లు ఏ రకం, షార్ట్ అయినప్పుడు యూనిట్ ఆగుతుందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు. వాటికి వేరే ఆనవాళ్లున్నాయి. కెపాసిటర్లు 105 డిగ్రీల రకమని కంపెనీ వివరాల్లో ఉండాలి. వోల్టేజీ పెరిగితే, తగ్గితే, కరెంటు మించితే, షార్ట్ అయితే, వేడెక్కితే తనంతట తాను ఆగే రక్షణలు పేరు పేరునా రాసి ఉండాలి. వాటిలో వేడి రక్షణని చవక యూనిట్లలో తరచుగా వదిలేస్తారు. వారంటీ కనీసం ఐదేళ్లుండాలి. పదేళ్ల వారంటీ ఇచ్చేవాళ్లు తక్కువ రకం భాగాలు వేసి ఇవ్వలేరు కాబట్టి, పరీక్షల వివరాలు దొరకని చోట వారంటీ కాలమే కొనేవాడికి దక్కే మంచి కొలమానం.

కెపాసిటర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంప్యూటర్ ఆయుష్షు చాలావరకు దాని చేతిలోనే ఉంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది. వేడికి అది ఏళ్ల తరబడి మెల్లగా ఆరిపోతుంది, ఆరిపోయేకొద్దీ వోల్టేజీని స్థిరంగా పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. సుమారుగా వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుంది. 10 తగ్గితే రెట్టింపవుతుంది. అందుకే 85 డిగ్రీల రకానికీ 105 డిగ్రీల రకానికీ మధ్య అంత తేడా. క్యాబినెట్‌లో గాలి బాగా ఆడాలని ఇంతగా చెప్పడం కూడా ఇందుకే.

ఎన్ని వాట్లు కావాలో లెక్క వేయడం కష్టం కాదు. ఉదాహరణకి రైజెన్ 5 5600 మీద 65 వాట్లని ఉన్నా, గట్టిగా పని చేసేటప్పుడు 76 వరకు లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డు 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నిటికీ 60 వేసుకోండి. మొత్తం 306. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలం అంతకు మించి లాగుతాయి కాబట్టి, కొంత జాగా ఉంచి మంచి 550 వాట్ల యూనిట్ తీసుకుంటే చాలు. గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే 400-450 సరిపోతుంది. అదే డబ్బుకి నాసిరకం 750 కన్నా నాణ్యమైన 550 వెయ్యి రెట్లు మేలు.

కేబుళ్ల గురించి ఒక హెచ్చరిక. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లో కేబుళ్లు రెండు వైపులా ఊడి వస్తాయి. పరికరం వైపు కనెక్టర్ అందరికీ ఒకటే, కానీ ఎస్ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ అన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. పాత యూనిట్ కేబుల్‌ని కొత్తదానికి తగిలిస్తే చక్కగా కూర్చుంటుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తుంది, స్విచ్చి వేసిన క్షణంలో డిస్కు కాలిపోతుంది. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్ల మధ్య కూడా ఇది జరుగుతుంది. యూనిట్ మార్చినప్పుడు కేబుళ్లన్నీ మార్చాల్సిందే. అలాగే పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి, డిస్కులకి కరెంటు ఇచ్చే సాటా పవర్‌కి మార్చే అచ్చుపోసిన ప్లాస్టిక్ అడాప్టర్లు వాడకండి; వాటిలో తీగలు లోపలే ఒకదానికొకటి తగిలి కాలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

క్యాబినెట్‌కి అద్దాలు, రంగు లైట్లు అవసరం లేదు. ముందువైపు జాలీ ఉండాలి, దాని వెనక ఊడదీసి కడుక్కునే దుమ్ము ఫిల్టరు ఉండాలి, ఏటీఎక్స్ అనే మామూలు ప్రామాణిక సైజు ఎస్ఎంపీఎస్ పట్టాలి. ముందంతా అద్దంతో మూసేసిన డబ్బాలో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా గాలి లోపలికి రాదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ముందు రెండు లోపలికి ఊదేలా, వెనక ఒకటి బయటికి తోసేలా బిగిస్తే ఇలాంటి కంప్యూటరుకి చాలు. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, కాబట్టి ఫిల్టరు లేని చోట నుంచి దుమ్ము చొరబడదు. కొనే ముందు మూడు కొలతలు చూడండి: కూలర్ ఎత్తు ఎంత పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు పొడవు ఎంత పడుతుంది, బోర్డు ఏ సైజు వరకు పడుతుంది. ప్రమాణాలకి కట్టుబడిన క్యాబినెట్ రెండు మూడు కంప్యూటర్ల కాలం నిలుస్తుంది. బ్రాండెడ్ రెడీమేడ్ డెస్క్‌టాప్ డబ్బాని చవకగా వస్తోందని తెచ్చుకోకండి. వాటిలో బోర్డు రంధ్రాలు, ముందు ప్యానెల్ వైర్లు, ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు చాలాసార్లు ఆ కంపెనీకి మాత్రమే సరిపోయేలా ఉంటాయి.

మదర్‌బోర్డులో అన్నిటికన్నా చవకదీ వద్దు, ఖరీదైనదీ వద్దు. మధ్యశ్రేణి బీ550, బీ650, బీ760 చిప్‌సెట్ల (బోర్డు మీది ప్రధాన చిప్పు; బోర్డు రకానికి ఆ పేరే పెడతారు) బోర్డుల్లోనే ఖర్చుకీ మన్నికకీ పొత్తు కుదురుతుంది. హెచ్610 బోర్డుల్లో సాధారణంగా ర్యామ్ స్లాట్లు రెండే. ఏ520లో గ్రాఫిక్స్ కార్డు కూర్చునే స్లాటు పాత తరం పీసీఐఈ 3.0 వేగం దగ్గరే ఆగిపోతుంది. బోర్డు ఫొటోలో ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి ఎడమపక్కన, పైన చూడండి. అక్కడున్న చిన్న చిన్న నల్ల చిప్పులు 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావాల్సిన ఒకటి, ఒకటింపావు వోల్టుకి దించుతాయి. వాటి మీద లోహపు హీట్‌సింక్ స్క్రూలతో బిగించి ఉండాలి. ఏమీ కప్పకుండా వదిలేసిన బోర్డు మీద ఎనిమిది కోర్ల ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే ఆ చిప్పులు వేడెక్కుతాయి, వాటిని కాపాడుకోవడానికి బోర్డు ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. కొత్త ప్రాసెసర్ వేసినా మెల్లగా ఉందని అనుకునేవాళ్లలో కొందరి సమస్య ఇదే. ర్యామ్ స్లాట్లు నాలుగు, పలక లాంటి చిన్న ఎస్‌ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్లు రెండు, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) మార్చుకునే బటన్: ఈ మూడూ ఉంటే ముందు ముందు అక్కరకొస్తాయి. రెండో ఎం.2 స్లాట్ వాడితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. ఇది మాన్యువల్‌లో ఉంటుంది, కొనక ముందే చదవండి.

ప్రాసెసర్ ఎంపికలో అందరూ వేగం గురించే వాదించుకుంటారు గానీ మీ పనికి 6 కోర్లు 12 థ్రెడ్లు ఉన్న ఏదైనా సరిపోతుంది: రైజెన్ 5 5600, 7600, కోర్ ఐ5-12400 లాంటివి. అసలు నిర్ణయం సాకెట్. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. పాత తరం డీడీఆర్4 ర్యామ్‌తో నడుస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ, సెకండ్ హ్యాండ్ భాగాలు విరివిగా దొరుకుతాయి. దాని తర్వాతి సాకెట్ ఏఎం5 2022లో వచ్చింది, కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. బడ్జెట్ బాగా బిగువుగా ఉంటే ఏఎం4 తీసుకుని, నాలుగేళ్ల తర్వాత వాడిన 8 కోర్ల ప్రాసెసర్ వేసుకోండి. కొంచెం పెట్టగలిగితే ఏఎం5లో చిన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ వైపు మొగ్గండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అది ఉండదు. రైజెన్ 5 5600కి కూడా ఉండదు, 5600జీకి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజున తెర మీద బొమ్మ రావాలంటే అదే దిక్కు. పైగా కార్డు ఇప్పుడే కొనకుండా వాయిదా వేయొచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో నిర్భయంగా కొనదగ్గది ప్రాసెసరే, రెండు మినహాయింపులతో. ఒకటి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కి ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 శ్రేణి, ఆపైవి కావాలి. అంతకు పాతది విండోస్ కోసం కొనకండి. రెండు, ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల లోపలే అరిగిపోయాయి. 2024 ఆగస్టు నుంచి ఇచ్చిన బయోస్ అప్‌డేట్ ఆ అరుగుదలని ఆపుతుందే తప్ప, జరిగిన నష్టాన్ని బాగుచేయదు. ఎలా వాడారో తెలియని ఐ7, ఐ9 అయితే వదిలేయండి. ఎస్ఎంపీఎస్‌నీ ఎస్‌ఎస్‌డీనీ మాత్రం పాతవి కొనొద్దు. పాత మదర్‌బోర్డు కొనాల్సి వస్తే టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి సాకెట్ చూడండి. పిన్నులు సాకెట్‌లోనే ఉండే ఇంటెల్, ఏఎం5 బోర్డుల్లో అవన్నీ ఒకే వరసలో మెరవాలి (ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి). ఒకచోట మెరుపు తప్పితే అక్కడ పిన్ను వంగింది. కెపాసిటర్ నెత్తి చదునుగా ఉండాలి, ఉబ్బినా దాని మొదట్లో గోధుమరంగు మరక ఉన్నా ఆ బోర్డు వద్దు.

ర్యామ్ ఎప్పుడూ ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు స్టిక్కులు తీసుకోండి. 8 ఏళ్లు అంటున్నారు కాబట్టి 32 జీబీ ఉత్తమం. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక భారమైతే 16తో మొదలుపెట్టి రెండు స్లాట్లు ఖాళీ ఉంచండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ వాడాలి. పక్కపక్కన పెడితే రెండూ కలిసి పనిచేయవు, వేగం పడిపోతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చేస్తేనే ప్యాకెట్ మీద రాసిన వేగం వస్తుంది. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే చాలా నిమిషాలు ఉండిపోవచ్చు, బోర్డు మెమరీని సరిచూసుకుంటూ ఉంటుంది. పాడైందని కంగారుపడి మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఎస్‌ఎస్‌డీలో టీఎల్‌సీ రకం (ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచేది; క్యూఎల్‌సీ అయితే నాలుగు) అడిగి తీసుకోండి. క్యూఎల్‌సీ చవక, కానీ నిండేకొద్దీ, పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు వేగం హార్డ్‌డిస్కు స్థాయికి పడిపోవచ్చు. రాతల పరిమితి గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి కంపెనీలు సాధారణంగా 600 టీబీ రాతల హామీ ఇస్తాయి. రోజుకి 30 జీబీ రాసినా ఏడాదికి 11 టీబీయే, అంటే యాభై ఏళ్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ సాధారణంగా పోయేది రాతలు అయిపోయి కాదు. దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పు లాంటివి చెడి, అదీ చాలాసార్లు ఏ ముందస్తు సూచనా లేకుండా పోతుంది. అందుకని ఖరీదైన జెన్5 (పీసీఐఈ ఐదో తరం) డ్రైవ్‌కి పెట్టే డబ్బుతో మామూలు జెన్3 లేదా జెన్4 డ్రైవ్ ఒకటి, బ్యాకప్ కోసం బయట ఉంచే హార్డ్‌డిస్కు ఒకటి కొనండి.

గ్రాఫిక్స్ కార్డుకి స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు అందుతాయి. వాడిన కార్డు కొంటే అరగంట ఆట ఆడించి చూశాకే తీసుకోండి. తెర మీద చుక్కలు, గళ్లు కనిపిస్తే మెమరీ పోయినట్టు. ఫ్యాను గరగరమంటే మాత్రం అది మార్చుకోదగ్గ లోపమే, ధర తగ్గించమని అడగొచ్చు.

కూలర్ విషయంలో నీళ్లతో నడిచేది వద్దు. దాని పంపు ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది, గొట్టాల్లోంచి ద్రవం అణువణువుగా తగ్గిపోతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యానున్న టవర్ కూలర్‌లో పోయేది ఫ్యాను ఒక్కటే, దాన్ని రెండు క్లిప్పులు తీసి మార్చేయొచ్చు. పాత ఏఎం4 కూలర్ తీసేటప్పుడు జరిగే ప్రమాదం ఒకటుంది. వేడి బాగా దాటడానికి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన పేస్టు ఆరి జిగురులా పట్టేసి ఉంటుంది, కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు పనిచేయించి వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులుచేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. పట్టు సడలి అది జారుతున్నట్టు చేతికి తెలిశాక అప్పుడు పైకెత్తండి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఒక మూల, దాని ఎదురు మూల, ఇలా కొంచెం కొంచెంగా బిగిస్తే ఒత్తిడి సమంగా పడుతుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే ముందే తీయాలి, ఎం.2 హీట్‌సింక్ కింద ప్యాడ్ మీది పొర కూడా. రెండూ తరచుగా మరిచిపోయేవే.

బిగించే ముందు బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్కు, 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్ మాత్రమే తగిలించి నడిపి చూడండి. పవర్ స్విచ్చి పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అయితే కార్డు కూడా పెట్టాలి. ఇక్కడ నడిచి క్యాబినెట్‌లోకి వెళ్లాక నడవకపోతే తప్పు బిగింపులో ఉంది. ఎక్కువగా కారణం బోర్డులో రంధ్రం లేని చోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని క్యాబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న గుంజ). అది బోర్డు వెనక తగిలి షార్ట్ చేస్తుంది. ఎక్కడ రంధ్రాలున్నాయో అక్కడే స్టాండాఫ్‌లు ఉండాలి, ఒక్కటీ ఎక్కువ కాదు. ఫ్యాన్లు తిరిగినా తెర రాకపోతే ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్ మళ్లీ నొక్కి చూడండి, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారో లేదో చూడండి. అంతా నడిచాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ ప్రోగ్రాంని రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా, ఎక్స్‌ఎంపీ తీసేసి మళ్లీ నడిపినా తప్పే వస్తే, ఆ ర్యామ్‌ని వారంటీలో మార్పించుకోండి.

ప్లగ్గుకి ఎర్తింగ్ లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు చిన్నగా షాక్ తగులుతుంది. ముందు ఆ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. యూపీఎస్ తీసుకుంటే వీఏ కాదు, వాట్లు చూడండి: 600 వీఏ యూనిట్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది.

మూడు నెలలకోసారి ఫిల్టర్లు కడగండి, ఏడాదికి రెండుసార్లు లోపల గాలి ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ చెడుతుంది. నాలుగైదేళ్లకి పేస్టు మార్చండి, గడియారం వెనకబడుతుంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. ఎస్ఎంపీఎస్ కేబుళ్లలో వాడకుండా మిగిలినవాటిని ఒక సంచిలో వేసి, ఏ మోడల్‌వో దాని మీద రాసి ఉంచండి.